ప్రయోగశాల గేటు బయట మన పిల్లలు

మొన్న ఒక ఆర్టీసీ కండక్టర్ మా ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. 2011లో సకల జనుల సమ్మెలో మాతో కలిసి రోడ్డు మీద కూర్చున్న మనిషి. ఈసారి ఆయన చేతిలో జెండా లేదు, బిడ్డ ఇంటర్ మార్కుల మెమో ఉంది. బైపీసీలో మంచి మార్కులు. నీట్‌లో సీటొచ్చే ర్యాంకు మాత్రం రాలేదు. ఒక ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగు అయిపోయింది. దానికోసం ఊళ్లో ఉన్న పది గుంటలు పోయాయి. రెండో ఏడాది లాంగ్‌టర్మ్‌కు అప్పు పుట్టించాలా వద్దా అన్నది ఆయన అడగడానికి వచ్చిన సంగతి. ఆయన అన్న మాట ఇది: "పోరి చెట్లు, పురుగులు అనుకుంట తిరుగుతది సార్. గదే సదువుతనంటది. డాక్టరు గాకపోతే ఏమైతది? బీఎస్సీ జేస్తే ఎవడిస్తడు నౌకరి?"

ఈ ప్రశ్న ఆ ఒక్క తండ్రిది కాదు. ఏటా ఎండాకాలంలో తెలంగాణలో లక్షల ఇండ్లలో ఇదే ప్రశ్న. ఎంపీసీ అయితే ఇంజనీరు, బైపీసీ అయితే డాక్టరు. రెండూ కాకపోతే పిల్ల చెడిపోయినట్టే, పిల్లగాడు ఓడిపోయినట్టే. ఇంత బతుకున్న సైన్సును రెండు సందుల్లోకి తోసి, ఆ సందుల మొదట్లో కోచింగు దుకాణం పెట్టి కూర్చున్నదెవరు? నష్టపోతున్నదెవరు? మన పత్రిక ఈ విషయాన్ని ఇన్నాళ్లు సరిగ్గా పట్టించుకోలేదు. ఆ తప్పు ఒప్పుకుంటూనే ఈ వారం రాస్తున్నాం.

తార్నాక చౌరస్తా నుంచి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ పోయే తొవ్వ మన ఉద్యమానికి బాగా తెలుసు. 1969లో, మళ్లీ 2009 నవంబరు తర్వాత ఉస్మానియా విద్యార్థులు ఉరికిన తొవ్వ అది. మేమూ అక్కడ లాఠీలు తిన్నాం, టియర్‌గ్యాస్ మింగాం. ఆ తొవ్వ పొంటి ఉన్న ప్రహరీ గోడలను గుర్తు తెచ్చుకోండి. 1944లో హైదరాబాద్ రాష్ట్రం పెట్టుకున్న పరిశోధనాలయం చేతులు మారి, పేర్లు మారి ఇవాళ ఐఐసీటీ అయింది. అంటే అది ఆంధ్రప్రదేశ్ ఏర్పడటానికి పన్నెండేండ్ల ముందే మన గడ్డ మీద ఉన్న ప్రయోగశాల. 1958లో కూనూరు నుంచి పోషకాహార పరిశోధనశాల ఇక్కడికి వచ్చింది. 1961లో భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ పుట్టింది. 1977లో సీసీఎంబీ మొదలైంది. నగరం ఇంకో కొసకు డీఆర్‌డీఎల్, డీఎంఆర్‌ఎల్, అణు ఇంధనం తయారుచేసే ఎన్ఎఫ్‌సీ. పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్. గచ్చిబౌలిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ. గోపన్‌పల్లిలో టీఐఎఫ్ఆర్. దేశంలో ఇన్ని పరిశోధనాలయాలు ఒక్కచోట ఉన్న ఊళ్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

మనం ఆ గోడల పక్క నుంచి నినాదాలు ఇచ్చుకుంటూ పోయాం. ఆ గోడల లోపల ఎవరున్నారని మాత్రం అడగలేదు. భూమి మనది. గేటు కాడ నిలబడే కాపలాదారు మనవాడు. తోట పని చేసే అమ్మ మన అమ్మ. లోపల తెల్లకోటు తొడుక్కుని పనిచేసేవాళ్లలో మన పాలమూరు పిల్ల, మన ఆదిలాబాద్ పిల్లగాడు ఎంతమంది?

ఇక్కడ ఒక విషయం నిక్కచ్చిగా చెప్పుకోవాలి. 1985 డిసెంబరులో వచ్చిన 610 జీవో గురించి మనం ఊరూరా మాట్లాడాం. 2018లో కొత్త రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చి స్థానికులకు 95 శాతం కోటా ఇచ్చాయి. ఇవన్నీ రాష్ట్ర సర్కారు కొలువులకు సంబంధించినవి. కేంద్ర పరిశోధనాలయాలకు స్థానికత ఉండదు. అక్కడ ముల్కీ చెల్లదు, జోన్ చెల్లదు. దేశమంతటి పిల్లలతో పోటీపడి పోవలసిందే. ఆ గేటును ధర్నాతో తెరవలేం. అది చదువుతో తెరుచుకునే గేటు. ఆ చదువుకు తొవ్వ ఇంటర్ అయిపోయిన పదిహేడేండ్ల వయసులోనే చీలుతుంది. అన్యాయం జరుగుతున్నది గేటు కాడ కాదు. అంతకన్నా చాలా ముందు, ఆ చీలిక కాడ.

ఆ చీలిక కాడ ఏం జరుగుతున్నది? 1986లో ఎంసెట్ మొదలైంది. క్రమంగా ఇంటర్ చదువంటే ఎంసెట్ చదువే అయింది. కోస్తా నుంచి వచ్చిన కార్పొరేట్ కాలేజీలు హైదరాబాద్‌లో, ఆ తర్వాత జిల్లా కేంద్రాల్లో అపార్ట్‌మెంట్లలో తెరుచుకున్నాయి. తెల్లారక ముందు స్టడీ అవర్, అర్ధరాత్రి దాకా స్టడీ అవర్. పిప్పెట్టు పట్టకుండానే ప్రాక్టికల్స్‌కు 30కి 30 మార్కులు. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. పేద పిల్లలు ఇంజనీరింగు గడప తొక్కారు, అది మంచిదే. కానీ ఆ డబ్బును చూసే గల్లీ గల్లీకి ఇంజనీరింగు కాలేజీ పుట్టింది. ఇప్పుడు అవే కాలేజీలు సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించుకుని కంప్యూటర్ సీట్లు పెంచుకుంటున్నాయి. మెడిసిన్‌కు ఎంసెట్ పోయి నీట్ వచ్చింది, మన ఎంసెట్ పేరు 2024లో ఈఏపీసెట్ అయింది. పేర్లు మారాయి, దుకాణం మారలేదు. పరాయి పాలకులు పోతే ఈ దుకాణం బందవుతుందని మనం అనుకున్నాం. రాష్ట్రం వచ్చి పదేండ్లు దాటింది. అది బంద్ కాలేదు సరికదా, ఇంకో అంతస్తు లేచింది.

2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల గందరగోళం తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. రాష్ట్రం కోసం పిల్లలను పోగొట్టుకున్న గడ్డ ఇది. మార్కుల కోసం కూడా పోగొట్టుకోవాలా? ఒక పరీక్ష పోతే బతుకు పోయినట్టు కాదని చెప్పాలంటే ఉత్తమాటలు చాలవు. వేరే తొవ్వలు చూపించాలి. అవి ఉన్నాయి. మన పిల్లలకు చెప్పినవాళ్లు లేరు, అంతే.

అందుకే ఈ సంపాదకీయంలో కొంత పాఠం చెప్పుకుందాం. చదివినవాళ్లు దీన్ని కత్తిరించి ఇంటర్ పిల్లలున్న ఇంటికి చేర్చండి.

మొదటి తొవ్వ ఐసర్. విజ్ఞానశాస్త్రం కోసమే కేంద్రం పెట్టిన సంస్థలివి. 2006లో పుణె, కోల్‌కతాలతో మొదలై ఇవాళ ఏడు ఉన్నాయి. మొహాలీ, భోపాల్, తిరువనంతపురం, తిరుపతి, బరంపురం మిగతావి. ఇంటర్ తర్వాత అయిదేండ్లు చదివితే బీఎస్, ఎంఎస్ రెండూ చేతికొస్తాయి. 2024 నుంచి వీటిలో సీటు ఒక్క ఐఏటీ పరీక్షతోనే. మూడు గంటలు, 60 ప్రశ్నలు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీల నుంచి తలా పదిహేను. ఎంపీసీ పిల్లలే కాదు, బైపీసీ పిల్లలూ రాయవచ్చు. బెంగళూరు ఐఐఎస్సీ తన నాలుగేండ్ల బీఎస్ కోర్సుకు ఈ ర్యాంకును కూడా తీసుకుంటున్నది.

రెండో తొవ్వ నెస్ట్. భువనేశ్వర్‌లోని నైసర్, ముంబైలోని సీఈబీఎస్ అనే రెండు సంస్థలకు ఈ పరీక్ష. రెండూ అణుశక్తి విభాగం నీడలో నడుస్తున్నవే. నాలుగు సబ్జెక్టుల్లో మంచి మార్కులొచ్చిన మూడింటినే లెక్కలోకి తీసుకుంటారు. అంటే మ్యాథ్స్ లేని బైపీసీ పిల్లలకూ, బయాలజీ లేని ఎంపీసీ పిల్లలకూ అన్యాయం లేదు.

మూడోది మన కాళ్ల కింద ఉన్నదే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత నేరుగా అయిదేండ్ల ఎమ్మెస్సీ ఉంది. సీయూఈటీ రాయాలి, తెలుగులో కూడా రాయవచ్చు. ఈ యూనివర్సిటీ ఎట్లా వచ్చిందో ఉద్యమకారులకు చెప్పనక్కర లేదు. 1969 రగిలిన తర్వాత, 1973 ఆరుసూత్రాల పథకంలో భాగంగా మనకు తాయిలంగా చూపించి 1974లో పెట్టినదే. మన నెత్తుటికి బదులుగా వచ్చిన బడి అది. దాని గడప తొక్కడం మన పిల్లల హక్కు కూడా.

లెక్కలంటే ప్రాణం పెట్టే పిల్లలుంటారు. వాళ్లను కోడింగు పేరుతో చంపకండి. కోల్‌కతాలో మహలనోబిస్ పెట్టిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, చెన్నైలో మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. రెండూ వాటి సొంత ప్రవేశ పరీక్షలతో తీసుకుంటాయి. వ్యవసాయం ఇష్టమున్న బైపీసీ పిల్లలకు రాజేంద్రనగర్‌లో జయశంకర్ సార్ పేరు మీద ఉన్న వ్యవసాయ యూనివర్సిటీ ఉంది. దాని బీఎస్సీ సీట్లు ఈఏపీసెట్ ర్యాంకుతోనే ఇస్తారు, రైతు కుటుంబాల పిల్లలకు అందులో కోటా ఉంది. మనం మట్టి మనుషులం. మట్టి శాస్త్రం మనకు కాక ఎవరికి?

ఇవేవీ అందలేదనుకుందాం. దోస్త్‌లో సర్కారు డిగ్రీ కాలేజీలో బీఎస్సీ సీటు దొరికిందనుకుందాం. కథ అయిపోలేదు. బీఎస్సీ మూడో ఏడు ఫిబ్రవరిలో జామ్ రాయవచ్చు. ఐఐటీల్లో ఎమ్మెస్సీ సీట్లు దానితోనే. వరంగల్ ఎన్ఐటీలో ఎమ్మెస్సీకి కూడా అదే దారి. ఇంటర్‌లో ఐఐటీ పోయిందని ఏడ్చిన పిల్లగాడు మూడేండ్ల తర్వాత వేరే తలుపు నుంచి అదే ఐఐటీలోకి నడిచి పోవచ్చు. ఉస్మానియా, కాకతీయ, పాలమూరు, శాతవాహన వంటి మన యూనివర్సిటీలకు సీపీగెట్ ఉంది. ఎమ్మెస్సీ తర్వాత సీఎస్ఐఆర్ నెట్ పాసై జేఆర్ఎఫ్ వస్తే, 2023 జనవరి నుంచి పెరిగిన లెక్క ప్రకారం నెలకు 37 వేలు, రెండేండ్ల తర్వాత 42 వేలు, ఇంటి కిరాయి వేరు. పీహెచ్‌డీ అంటే ఇంట్లో అడుక్కుని చదివేది కాదు, జీతం తీసుకుంటూ చదివేది. ఈ ఒక్క మాట తెలియక ఎంతమంది బంగారం లాంటి పిల్లలు ఎమ్మెస్సీ కాడ ఆగిపోయారో.

ఇంకో మాట. ఇంటర్ బోర్డు పరీక్షలో పైనున్న ఒక్క శాతంలో నిలిచి, మౌలిక శాస్త్రాల్లో డిగ్రీ చేసేవాళ్లకు ఇన్‌స్పైర్ పథకం కింద ఏడాదికి 80 వేల వరకు ఇచ్చే కేంద్ర ఉపకారవేతనం 2008 నుంచి ఉంది. మన సర్కారు కాలేజీల నోటీసు బోర్డుల మీద దాని కాగితం చూశారా మీరు?

మేము తీపి మాటలు చెప్పి పిల్లలను ఇంకో సందులోకి తోయదలచుకోలేదు. పరిశోధన తొవ్వ పొడుగైనది. ఇంటర్ తర్వాత పీహెచ్‌డీ చేతికి వచ్చేసరికి పది, పదకొండేండ్లు పడుతుంది. ఫెలోషిప్ డబ్బులు నెలనెలా టైముకు రావు. పీహెచ్‌డీ ఉన్న ప్రతి ఒక్కరికీ శాస్త్రవేత్త కొలువు లేదు. తోటివాడు సాఫ్ట్‌వేర్‌లో కారు కొనే నాటికి నువ్వు హాస్టల్ మెస్సులో సాంబారు తింటుంటావు. ఇష్టం లేనివాళ్లు ఈ తొవ్వకు రావద్దు. అయితే మధ్యలో దిగే స్టేషన్లు ఉన్నాయి. కెమిస్ట్రీ ఎమ్మెస్సీకి హైదరాబాద్ చుట్టూ మందుల కంపెనీల్లో పని ఉంది. జియాలజీ చదివితే యూపీఎస్సీ జియో-సైంటిస్ట్ పరీక్ష ఉంది, మన సింగరేణి ఉంది. స్టాటిస్టిక్స్ చదివితే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ ఉంది. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్‌కు వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం లాంటి సైన్సు డిగ్రీ ఉంటే రాయనిస్తారు. ఫోరెన్సిక్ ల్యాబులు, వాతావరణ శాఖ, జూనియర్ లెక్చరర్, డిగ్రీ లెక్చరర్ పోస్టులు ఉన్నాయి. అశోక్‌నగర్ రూముల్లో, చిక్కడపల్లి లైబ్రరీలో గ్రూపుల నోటిఫికేషన్ కోసం వయసు కరగదీసుకుంటున్న తమ్ముళ్లను చూస్తున్నాం. 2022 నోటిఫికేషన్ గ్రూప్-1 ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయిన సంగతి చూశాం. అందరినీ ఒకే గేటు కాడ నిలబెట్టడం నియామకాల పోరాటం కాదు. గేట్లు పెంచడం కూడా పోరాటమే.

సైన్సు మనకు కొలువు సంగతి మాత్రమే కాదు. నీళ్ల సంగతి. నల్లగొండలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి తరాలకు తరాలు వంకర్లు పోయాయి. ఆ నీళ్ల నుంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతి ఉంది. పటిక, సున్నం, బ్లీచింగు పౌడరు కలిపి చేసేది. దాని పేరు ప్రపంచమంతటా 'నల్లగొండ టెక్నిక్'. తయారైంది 1970లలో నాగపూర్‌లోని నీరి పరిశోధనాలయంలో. తయారుచేసినవాళ్లకు దండం పెట్టాల్సిందే. కానీ ఒక్కసారి ఆలోచించండి. జబ్బు మనది, పేరు మనది, ప్రయోగశాల మనది కాదు. 2019లో నల్లమలలో యురేనియం తవ్వకాల మాట లేచినప్పుడు అమ్రాబాద్ జనం రోడ్డెక్కారు. అట్లాంటప్పుడు భూగర్భజలాల నివేదిక చేతిలోకి తీసుకుని, ఇందులో ఇది తప్పు, ఇది ఒప్పు అని చెప్పగల మన జియాలజిస్టు కావాలి. గొంతు ఉన్న ఉద్యమానికి లెక్కలు చెప్పే బిడ్డలు కూడా కావాలి. నిధుల లెక్కలు, నీళ్ల లెక్కలు జయశంకర్ సార్ మనకు నేర్పిన తీరు అదే కదా.

ఇక అడగవలసినవాళ్లను అడుగుదాం. విభజన చట్టం లెక్కన ఆంధ్రప్రదేశ్‌కు 2015లో తిరుపతి ఐసర్ వచ్చింది. రావాలి కూడా, అక్కడి పిల్లల మీద మాకు కోపం లేదు. అదే చట్టంలో మనకు రాసిన గిరిజన యూనివర్సిటీ బిల్లు పార్లమెంటు దాటడానికి 2023 డిసెంబరు దాకా పట్టింది. తెలంగాణకు ఐసర్ కావాలని మన ఎంపీలు పార్లమెంటులో గట్టిగా పట్టుబట్టాలి. సీఎస్ఐఆర్ నెట్ ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. 1917లోనే సైన్సును ఉర్దూలో బోధించడానికి అనువాద విభాగం పెట్టుకున్న ఉస్మానియా ఉన్న గడ్డ ఇది. మన భాషలో పరీక్ష అడగడానికి మనకు నోరెందుకు పెగలదు?

రాష్ట్ర సర్కారును అడుగుతున్నాం. 2014 తర్వాత పదేండ్లలో మన యూనివర్సిటీల్లో శాశ్వత అధ్యాపక నియామకాలు దాదాపు జరగలేదు. కాంట్రాక్టు, పార్ట్‌టైం సార్ల మీద డిపార్టుమెంట్లు నడిచాయి. గైడు లేకుండా పీహెచ్‌డీ ఎక్కడిది? ఏ జెండా ప్రభుత్వమైనా సరే, జవాబు చెప్పాలి. రంగాపూర్‌ను చూడండి. ఇబ్రహీంపట్నం దిక్కు ఉస్మానియా 1968లో 48 అంగుళాల టెలిస్కోపు పెట్టుకున్న చోటు. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచే పరిశీలించారు. నక్షత్రాలు చూసిన ఆ కన్ను ఏండ్లకు ఏండ్లు మూలకు పడింది. విగ్రహాలకు డబ్బులున్న రాష్ట్రంలో ఒక టెలిస్కోపుకు లేవా? ప్రతి సర్కారు జూనియర్ కాలేజీలో నిజంగా తెరిచే ల్యాబు కావాలి. గురుకులాల్లో నీట్, జేఈఈ కోచింగుతో పాటు ఐఏటీ, నెస్ట్ కూడా చెప్పాలి. పేద పిల్లల దరఖాస్తు ఫీజు, పరీక్షకు పోయిరావడానికి చార్జీలు సర్కారు భరించాలి. ఇది కోట్ల పథకం కాదు. మనసు పెడితే అయ్యే పని.

ఉద్యోగులకు, లెక్చరర్లకు ఒక మాట. సమ్మె చేసి రాష్ట్రం తెచ్చినవాళ్లు మీరు. ఏటా సెప్టెంబరు 26 సీఎస్ఐఆర్ స్థాపన దినం, ఫిబ్రవరి 28 జాతీయ సైన్సు దినం. ఆ రోజుల చుట్టుముట్టు హైదరాబాద్ పరిశోధనాలయాలు విద్యార్థులకు తలుపులు తెరుస్తాయి. ఒక బస్సు మాట్లాడి మీ ఊరి పిల్లలను తీసుకురండి. సూక్ష్మదర్శినిలో ఒక్కసారి కణాన్ని చూసిన పిల్ల జన్మలో మరచిపోదు. మీ సంఘం డైరీలో డీఏ లెక్కలతో పాటు ఈ పరీక్షల తేదీలు కూడా వేయించండి.

కండక్టర్ అన్నకు మేం ఏం చెప్పామో చెప్పి ముగిస్తాం. రెండో లాంగ్‌టర్మ్‌కు అప్పు చేయవద్దన్నాం. బిడ్డను పిలిచి నువ్వేం చదువుతవని ఒక్కసారి కూర్చోబెట్టి అడగమన్నాం. ఐఏటీ, నెస్ట్, సీయూఈటీ మూడింటికీ దరఖాస్తు పెట్టమన్నాం. అవేవీ కాకపోతే సర్కారు కాలేజీలో బీజెడ్‌సీలో చేర్పించి, మొదటి రోజు నుంచే జామ్ మీద కన్నేసి చదవమన్నాం. ఆయన కాగితం మీద అన్నీ రాసుకున్నాడు. పోతూ పోతూ మెట్ల మీద నిలబడి అన్నాడు: "నా బస్సు దినాం సీసీఎంబీ ముంగట నుంచే పోతది సార్. ఇరవై ఏండ్లసంది స్టాపు పేరు పిలుస్తున్న. లోపల ఏముంటదో ఇయ్యాల్నే తెలిసింది."

ఇరవై ఏండ్లు స్టాపు పేరు పిలిచిన తండ్రి బిడ్డ ఒకనాడు ఆ స్టాపులో దిగి గేటు లోపలికి నడవాలి. మనం తెచ్చుకున్న తెలంగాణ ఆ బిడ్డ వెంట ఆ గేటు దాకానన్నా నడవాలి.